అనంతపురం ఎర్రనేలలో జిన్‌సెంగ్ వేయొచ్చా? సొంత బ్రాండ్‌కు మంచి వేరు ఎక్కడ కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అనంతపురం దగ్గర మూడు ఎకరాల ఎర్రనేల, ఒక బోరు ఉన్నాయి. జిన్‌సెంగ్ పండించి సొంత పేరుతో క్యాప్సూల్స్ అమ్మాలనుకుంటున్నారు. ఒకాయన "ఇండియన్ జిన్‌సెంగ్" నారు మొక్క 40 రూపాయలకు ఇచ్చి, పంటంతా తనే కొంటానంటున్నాడు. తొలి ఏడాదికి సరిపడా వేరు బయట కొనాలంటే ఏది మంచిదో ఎలా తెలుసుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. జిన్‌సెంగ్ మీ నేలలో పండదు. ఆయన అమ్మజూపుతున్నది అశ్వగంధ. మన పల్లెల్లో పెన్నేరు గడ్డ, దొమ్మడోలు గడ్డ అనేది దీన్నే. అది మీ నేలలో బాగానే పండుతుంది. కానీ దానికి ఎవరూ మొక్క లెక్కన డబ్బివ్వరు, విత్తనం కిలోల లెక్కన దొరుకుతుంది. సాళ్ల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. లెక్కేస్తే ఎకరాకు లక్షా ముప్పై అయిదు వేల మొక్కలు పడతాయి. ఒక్కోటి 40 రూపాయలంటే ఎకరాకు 54 లక్షలు! ఎకరాకు వెయ్యి మొక్కలు చాలంటున్నాడంటే ఆయనకు పంటైనా తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నాడు.

అసలు జిన్‌సెంగ్ ఎందుకు రాదో రెండు మాటలు. కొరియా, చైనాలో పండేది పానాక్స్ జిన్‌సెంగ్, అమెరికా, కెనడాలో పండేది పానాక్స్ క్విన్‌క్విఫోలియస్. కొరియాలో గుమ్సన్, చైనాలో జిలిన్ రాష్ట్రం, అమెరికాలో విస్కాన్సిన్‌లోని మారథాన్ కౌంటీ, కెనడాలో అంటారియో దీని సాగుకు పేరున్న చోట్లు. అన్నీ చలికాలంలో నేల గడ్డకట్టేవే. దీని విత్తనం కోసిన వెంటనే మొలవదు. లోపలి పిండం ముదరడానికి, తర్వాత చలి తగలడానికి కలిపి ఏడాదిన్నర పైనే పడుతుంది. మొలిచాక కూడా ఏటా మూడు నెలలకు పైగా గట్టి చలి తగిలితేనే వేరు మీది మొగ్గ మళ్లీ లేస్తుంది. పైన 70 నుంచి 80 శాతం నీడ ఉండాలి. వేరు తవ్వేది నాలుగో ఏటి నుంచి ఆరో ఏటి మధ్య. ఒకసారి తవ్విన మడిలో మళ్లీ వేస్తే వేరుకుళ్లు పట్టి పోతుంది కాబట్టి అక్కడి రైతులు కొత్త నేల వెతుక్కుంటారు. షేడ్‌నెట్ వేసుకుంటే నీడ వస్తుంది గానీ అనంతపురానికి ఆ చలి ఎక్కడి నుంచి తెస్తారు?

అశ్వగంధ వేరే కుటుంబం. ఇది వంగ, టమాటా, మిరప జాతి. రెండింటికీ బలం మందన్న పేరు ఉండడం తప్ప చుట్టరికం లేదు. "ఇండియన్ జిన్‌సెంగ్" అన్న ఆ మారుపేరును మీ డబ్బా మీద వేయకపోవడమే మేలు. అమెరికాలో 2002 నాటి వ్యవసాయ చట్టం ప్రకారం పానాక్స్ జాతి మొక్కలను తప్ప వేరేవాటిని జిన్‌సెంగ్ అనే పేరుతో అమ్మకూడదు. "సైబీరియన్ జిన్‌సెంగ్" పానాక్స్ కాదు, ఇంకో మొక్క; ఆ పేరు అక్కడి సీసాల మీద నుంచి పోయింది అందుకే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు అమ్మే ఆలోచన ఉంటే ఇది ముందే గుర్తుంచుకోండి.

నేల, అదును

ఎర్ర చల్కా, ఇసుక కలిసిన గరప నేల అశ్వగంధకు సరిగ్గా సరిపోతుంది. పీహెచ్ 7.5 నుంచి 8 వరకు ఉన్నా ఇబ్బంది లేదు. మీరు చూసుకోవలసింది లోతు. అనంతపురం వైపు చాలా చేలల్లో జానెడు దిగగానే గట్టి మొరం తగులుతుంది. అక్కడ వేరు తిన్నగా దిగక రెండు మూడు పాయలుగా చీలి, వంకరపోతుంది. అలాంటిది తూకానికి వస్తుంది, గ్రేడుకు రాదు. విత్తేముందు చేలో నాలుగైదు చోట్ల గడ్డపారతో అడుగు లోతు తవ్వి చూడండి. అడుగు దాకా మెత్తగా ఉన్న చెక్కను మాత్రమే దీనికి కేటాయించండి.

ముందు పంట ఏమిటన్నది కూడా ముఖ్యమే. వేరుశనగ, కంది, కొర్ర తర్వాత వేయొచ్చు. టమాటా, వంగ, మిరప వేసిన చేలో మాత్రం రెండేళ్లు వద్దు. ఒకే కుటుంబం కాబట్టి నులిపురుగు, వేరుకుళ్లు నేలలోనే కాచుకుని ఉంటాయి. నులిపురుగు పట్టిన వేరు మీద బుడిపెలు లేస్తాయి, దాన్ని ఎవరూ కొనరు.

మీ జిల్లాలో వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. కాబట్టి ఆగస్టులో పదును చూసి విత్తితే జనవరి చివర, ఫిబ్రవరిలో తవ్వకానికి వస్తుంది. అప్పుడు ఎండ, పొడిగాలి ఉంటాయి, వేరు ఆరబెట్టడానికి అంతకంటే మంచి కాలం లేదు. జూన్‌లోనే తొందరపడి విత్తితే మొలిచిన నారు బెట్టకు పోతుంది. సెప్టెంబరు దాటితే వేరు ఊరే రోజులు తగ్గుతాయి.

విత్తనం

రకాల్లో మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ నుంచి వచ్చిన జవహర్ అశ్వగంధ-20, జవహర్ అశ్వగంధ-134 పేరున్నవి. లక్నోలోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) విడుదల చేసిన వాటిలో పోషిత, నిమిత్లి, చేతక్, ప్రతాప్ ఉన్నాయి. సీమ్యాప్ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లో కూడా ఉంది. ముందు అక్కడ అడగండి. మండీలో "నాగౌరీ" అని అమ్మే విత్తనానికి ఆ పేరే తప్ప పుట్టుపూర్వోత్తరాలు ఉండవు.

ఏడాది దాటిన విత్తనం మొలక సగానికి సగం పడిపోతుంది. కొన్న రోజే 100 గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టి పన్నెండు రోజులు చూడండి. 60 పైన మొలిస్తే మంచిది. 40 నుంచి 60 మధ్య ఉంటే మోతాదు పెంచండి. 40 లోపు మొలిస్తే తిప్పి పంపేయండి.

వెదజల్లితే ఎకరాకు 4 నుంచి 5 కిలోలు కావాలి. సాళ్లలో వేస్తే కొంత తగ్గుతుంది. గింజ చాలా సన్నం కాబట్టి ఒక వంతు విత్తనానికి ఐదు వంతుల పొడి ఇసుక కలపాలి. లోతు 1 నుంచి 2 సెం.మీ. మించకూడదు. మొలక రాలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం విత్తనం తప్పు కాదు, లోతు తప్పు. గొర్రుతో వేరుశనగ లోతున దించేస్తే పైకి రాదు. కిలో విత్తనానికి 8 నుంచి 10 గ్రాముల ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) పట్టించండి. మొలిచిన మొదటి మూడు వారాల్లో నారుకుళ్లు చాళ్లకు చాళ్లే ఊడ్చేస్తుంది.

ఎరువు కింద ఎకరాకు 4 టన్నుల మాగిన పశువుల ఎరువు చాలు. 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్లు చిలకరించి, వారం పది రోజులు నీడలో గోనె పట్టా కప్పి ఉంచి, ఆఖరి దుక్కిలో చల్లితే వేరుకుళ్లు బాగా తగ్గుతుంది. యూరియా జోలికి పోకండి. నత్రజని ఎక్కువైతే చెట్టు మోకాలు దాటి పచ్చగా కళకళలాడుతుంది, తవ్వి చూస్తే కింద పెన్సిలంత వేరుంటుంది.

ఇరవై అయిదో రోజున ఒత్తు మొక్కలు తీసి, మొక్కకూ మొక్కకూ బెత్తెడు దూరం ఉంచండి. అప్పుడే మొదటి కలుపు, మళ్లీ నలభై అయిదు, యాభై రోజులప్పుడు రెండోది. వానలు మొహం చాటేస్తే పదిహేను ఇరవై రోజులకో పలుచని తడి. అంతకు మించి బోరు ఉంది కదా అని నీళ్లు పెడితే వేరు కుళ్లుతుంది.

పురుగుల్లో వంగను తినే అక్షింతల పురుగే దీన్నీ తింటుంది. ఆకు జల్లెడైపోతుంది. పేనుబంక, ఎర్రనల్లి కూడా వస్తాయి. 1500 పీపీఎం వేప నూనె లీటరు నీటికి 5 మి.లీ. కలిపి పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి, పిల్ల పురుగులను, గుడ్ల ముద్దలను చేత్తో ఏరేయండి. ఆకులు చిన్నవై గుబురుగా వస్తే అది వెర్రి తెగులు, మందు లేదు, పీకి తగలేయాలి. పక్క వంగ చేను వాళ్లు కొట్టే మందు అరువు తెచ్చుకుని కొడితే పురుగు చస్తుంది గానీ అవశేషం వేరులో మిగులుతుంది. ఆ వేరు నుంచి ఎక్స్‌ట్రాక్ట్ (సారం) తీస్తే అవశేషం కూడా చిక్కబడుతుంది. ల్యాబ్‌లో దొరికితే మొత్తం లాట్ వెనక్కి వస్తుంది.

తవ్వడం, ఆరబెట్టడం: నాణ్యత పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే

150 నుంచి 180 రోజుల మధ్య, కింది ఆకులు ఎండి, కాయలు ఎర్రబడినప్పుడు ఒకటి రెండు మొక్కలు పీకి వేరు విరిచి చూడండి. పుటుక్కున విరిగి లోపల తెల్లగా పిండిలా కనబడితే అదే అదును. పీచు సాగుతూ విరిగితే ముదిరినట్టు. ధర పెరుగుతుందని రెండు నెలలు చేలోనే ఉంచితే బరువు కొంచెం పెరుగుతుంది, పిండి పోయి కట్టెబారుతుంది.

తవ్వేముందు నేల మెత్తబడేంత ఒక పలుచని తడి ఇచ్చి, పదును రాగానే నాగలితో ఎత్తించి వేర్లు ఏరాలి. కాండం మొదట్లో ఒకటి రెండు సెం.మీ. పైన కోసి వేరును వేరు చేయాలి. ఆ కాడ ముక్కలు ఎక్కువగా ఉండిపోతే కొనేవాడు "ఇతర పదార్థం" కింద కోస్తాడు. ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం) ఒప్పుకునేది 2 శాతమే.

కడిగేటప్పుడు బోరు నీటి ధార కింద గబగబా కడగండి. తొట్టిలో నానబెట్టకండి, నీటిలో కరిగే మందు పదార్థాలు (గ్లైకోసైడ్లు) పోతాయి. చెరువు నీళ్లలో కడిగితే మట్టి పోయి క్రిములు వస్తాయి. తర్వాత 7 నుంచి 10 సెం.మీ. ముక్కలు కోసి, గాలి ఆడే నీడలో శుభ్రమైన టార్పాలిన్ మీద పలుచగా పరచండి. రోజుకు రెండుసార్లు తిరగేయాలి. తేమ 10 శాతం లోపుకు రావాలి. అప్పుడు రెండు వేర్లు ఒకదానికొకటి కొడితే గలగలమంటాయి.

ఇక్కడ రెండు అలవాట్లు పంటనంతా పాడు చేస్తున్నాయి. ఒకటి, పేడ అలికిన కళ్లంలో ఆరబెట్టడం. ధాన్యానికి అది నడిచింది గానీ, నోట్లో వేసుకునే పొడికి నడవదు. ఈ-కోలి, సాల్మొనెల్లా బొత్తిగా ఉండకూడదని నియమం. ల్యాబ్‌లో సరుకు తప్పడానికి ఇదొక పెద్ద కారణం. రెండోది, తారు రోడ్డు మీద పోయడం. దుమ్ము, ఇసుక, బండ్ల పొగ అన్నీ అంటుకుని, పరీక్షలో వేరు కాల్చాక మిగిలే బూడిద శాతం పెరిగిపోతుంది.

దిగుబడి ఎకరాకు ఎండు వేరు 150 నుంచి 250 కిలోలు. నేల పలుచనైతే 120 కూడా రావచ్చు. యూట్యూబ్‌లో చెప్పే "ఎకరాకు టన్ను" పచ్చి వేరు తూకమైనా అయి ఉండాలి, లేదా కోరికైనా అయి ఉండాలి.

గ్రేడింగ్ మండీలో కంటి చూపుతో నడుస్తుంది. 7 సెం.మీ. పొడవు, 1 నుంచి 1.5 సెం.మీ. లావు, పెళుసుగా, లోపల తెల్లగా ఉంటే "ఎ" (మొదటి) గ్రేడు. 5 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. లావు ఉన్నది బి. 3, 4 సెం.మీ. ముక్కలు, సన్నవి సి. పసుపు తిరిగినవి, డొల్లవి, తుంపులు డి. అయితే ఇది పొడి వ్యాపారానికి పుట్టిన గ్రేడింగ్. లావు వేరులో పిండి ఎక్కువ. మనకు కావలసిన వితనోలైడ్లు (అశ్వగంధలో పనిచేసే పదార్థాలు) సన్న వేళ్లలో చాలాసార్లు ఎక్కువే తేలతాయి. ఎక్స్‌ట్రాక్ట్ చేయించేవాళ్లు "ఎ" గ్రేడుకు పెద్ద ధర పెట్టడం తెలివి కాదు. శుభ్రంగా ఉన్న సి గ్రేడు కొని, ల్యాబ్ అంకె చూసుకుంటే చాలు.

బయట కొనాలంటే

దేశంలో అశ్వగంధ పెద్ద మండీ మధ్యప్రదేశ్‌లోని నీమచ్. ఆ చుట్టుపక్కల మంద్‌సౌర్, రాజస్థాన్‌లోని నాగౌర్ ప్రాంతాల సరుకూ తిరుగుతుంటుంది. కర్నూలు, అనంతపురం వైపు కూడా రైతులు పండిస్తారు. మొదటి ఏడాది దగ్గరలోని రైతుల చేను చూసి కొనడమే మీకు మేలు, ఏమి కొట్టారో, ఎక్కడ ఆరబెట్టారో కళ్లారా కనబడుతుంది. పండించిన సరుకేనని స్థానిక జీవవైవిధ్య కమిటీ నుంచి ధ్రువపత్రం తీసుకోండి. 2023లో సవరించిన జీవవైవిధ్య చట్టం కింద సాగు చేసిన ఔషధ మొక్కలకు వచ్చే మినహాయింపుకు అది ఆధారం.

పొడి కొనకండి, వేరు కొనండి. పొడి చేశాక అందులో ఏమి కలిసిందో కంటికి తెలియదు. పైగా నిల్వలో వితనోలైడ్లు పొడిలో త్వరగా తగ్గుతాయి. మీకు కావలసినంత అప్పుడప్పుడే పట్టించుకోండి.

శాంపిల్ వ్యాపారి ఇచ్చినది తీసుకోకూడదు. అయిదు సంచుల వరకు ప్రతి సంచి నుంచీ, ఆరు నుంచి యాభై వరకు ఏవైనా అయిదింటి నుంచీ, యాభై దాటితే పదో వంతు సంచుల నుంచీ తీయండి. పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తలా గుప్పెడు. అడుగుది మరిచిపోవద్దు, తుంపులు, మట్టి అక్కడే దిగి ఉంటాయి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ అర కిలోకు తెచ్చి, ఒక సగం ల్యాబ్‌కు పంపి, ఒక సగం సీలు చేసి మీ దగ్గర ఉంచుకోండి. తగాదా వస్తే ఆ సీలు సంచే సాక్షి.

వేరు మీద సన్న రంధ్రాలు, సంచి అడుగున సన్నని పిండి కనబడితే పుచ్చు పురుగు పట్టినట్టు. పిండి ఎక్కువున్న సరుకు కాబట్టి సిగరెట్ బీటిల్ అనే చిన్న ఎర్రటి పురుగు దీన్ని బాగా ఇష్టపడుతుంది. గోదాములో ఏ మందు పొగ పెట్టారో అడగండి.

ల్యాబ్‌కు పంపేటప్పుడు ఏమేమి అడగాలో ఇక్కడ రాస్తున్నాను, మిగతావి అనవసర ఖర్చు:

మొత్తం బూడిద 7 శాతం లోపు. ఆల్కహాల్‌లో కరిగే భాగం 15 శాతానికి తగ్గకూడదు. సీసం 10 పీపీఎం (పది లక్షల భాగాలకు పది భాగాలు), ఆర్సెనిక్ 3, పాదరసం 1, క్యాడ్మియం 0.3 పీపీఎం మించకూడదు. క్యాడ్మియం దగ్గర జాగ్రత్త, ఏళ్ల తరబడి ఫాస్ఫేటు ఎరువులు ఎక్కువ వాడిన నేలల్లో అది పేరుకుంటుంది. క్రిముల పరీక్ష, పురుగుమందుల అవశేషాలు తప్పనిసరి. వితనోలైడ్లు హెచ్‌పీఎల్‌సీ (ఒక్కో పదార్థాన్ని విడదీసి కొలిచే పరీక్ష) పద్ధతిలో అడగండి, ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వండి. కొందరు గ్రావిమెట్రీ అంకె చూపిస్తారు. అది తూకం పద్ధతి, వితనోలైడ్లతో పాటు అంటుకుని వచ్చినవన్నీ అందులో లెక్కలోకి వస్తాయి. గ్రావిమెట్రీలో 5 శాతం అన్న సరుకు హెచ్‌పీఎల్‌సీలో సగం కూడా తేలకపోవడం మామూలే.

ఆకు కల్తీ

ఈ వ్యాపారంలో పెద్ద మోసం ఇదే. వేరు ఖరీదు, ఆకు ఊరికే వస్తుంది. ఆకులో వితఫెరిన్-ఎ అనే పదార్థం వేరులో కంటే చాలా ఎక్కువ. కాబట్టి కాస్త ఆకు సారం కలిపితే వితనోలైడ్ అంకె లేచి కూర్చుంటుంది, కాగితం అందంగా కనబడుతుంది. కానీ వితఫెరిన్-ఎ కణాల మీద గట్టిగా పనిచేసేది, అది ఎక్కువైతే భద్రత ప్రశ్న వస్తుంది. మన ఫార్మకోపియా చెప్పేది వేరునే. ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో తయారీదారులకు ఆకు వాడొద్దని సలహా ఇచ్చింది.

పొడిలో ఆకు ఉందేమో ఇంట్లోనే మొదటి వడపోత చేయొచ్చు. 5 గ్రాముల పొడి 50 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేసి, గాజు సీసాలో బాగా కుదిపి అరగంట ఆగండి. పైన తేరిన ద్రవం లేత పసుపు, గోధుమ రంగులో ఉండాలి. ఆకుపచ్చ ఛాయ కనబడితే అనుమానం. గది చీకటి చేసి, దొంగనోట్లు చూసే యూవీ టార్చ్ దాని మీద వేయండి. పత్రహరితం ఉంటే ద్రవం ఎర్రగా మెరుస్తుంది. కొట్లో వాడే చిన్న టార్చ్ చాలు. ఇది పొడికే పనికొస్తుంది. రంగు తీసేసిన ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆకు ఇలా దొరకదు. దానికి హెచ్‌పీటీఎల్‌సీ (పదార్థాలను పట్టీల్లా విడదీసి చూపే పరీక్ష) చేయించి, వితఫెరిన్-ఎ, వితనోన్ (ఇంకో వితనోలైడ్) అంకెలు విడివిడిగా అడగాలి. రెండూ వేరుకు ఉండవలసినదానికంటే ఎక్కువుంటే ఆకు పడినట్టే.

కాగితం లేకుండానే పట్టుకునే ఇంకో మార్గం మామూలు లెక్క. కిలో వేరులో హెచ్‌పీఎల్‌సీ ప్రకారం వితనోలైడ్లు 0.4 శాతం ఉన్నాయనుకోండి, అంటే 4 గ్రాములు. తీసేటప్పుడు 80 శాతం చేతికొస్తే 3.2 గ్రాములు. 5 శాతం ఎక్స్‌ట్రాక్ట్ కిలోలో 50 గ్రాములు ఉండాలి. అంటే దాదాపు 15.6 కిలోల వేరు. 2.5 శాతం ఎక్స్‌ట్రాక్ట్‌కైతే 8 కిలోల వేరు. కిలో 5 శాతం ఎక్స్‌ట్రాక్ట్‌ను 15 కిలోల వేరు ధర కంటే తక్కువకు ఎవరైనా ఇస్తానంటే, అది వేరు నుంచి రాలేదు. వాళ్ల సర్టిఫికెట్ ఎంత రంగురంగులుగా ఉన్నా సరే.

ఇదే లెక్క మీ మూడు ఎకరాలకు వేసుకోండి. ఎకరాకు 200 కిలోల చొప్పున 600 కిలోల వేరు. 5 శాతం ఎక్స్‌ట్రాక్ట్ చేయిస్తే 38 కిలోలు, 300 మి.గ్రా. క్యాప్సూల్స్ లక్షా ఇరవై ఎనిమిది వేలు, అరవై లెక్కన రెండు వేల వంద డబ్బాలు. అదే ఉత్త పొడిని 500 మి.గ్రా. క్యాప్సూల్స్‌లో నింపితే, తరుగు పోను 550 కిలోలకు పద్దెనిమిది వేల డబ్బాలు దాటతాయి! కొత్త బ్రాండ్ ఏడాదిలో అంత అమ్మలేదు, పొడి పాతబడుతుంది. అందుకని మొదటి ఏడాది ఎకరమే వేయండి. రెండు ఎకరాలు వేరుశనగకే వదిలేయండి.

లైసెన్స్, లేబుల్

రెండు దారులున్నాయి. ఆయుర్వేద ఔషధంగా అమ్మాలంటే రాష్ట్ర ఆయుష్ లైసెన్సింగ్ అధికారి ఇచ్చే ఫారం 25-డి, షెడ్యూల్-టి (ఆయుర్వేద మందుల తయారీ నాణ్యతా నియమాలు) ప్రకారం యూనిట్ ఉండాలి. సొంత యూనిట్ లేకపోతే లైసెన్సున్న ఫ్యాక్టరీలో చేయించుకునే లోన్ లైసెన్స్ ఫారం 25-ఇ. హెల్త్ సప్లిమెంట్‌గా అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్. అప్పుడు డబ్బా మీద "ఔషధ ప్రయోజనాలకు కాదు" అన్న హెచ్చరిక ఉండాలి, "కీళ్లనొప్పులు నయం" లాంటి మాట వేయకూడదు. పొడి అయితే ఆయుర్వేద ఫార్మకోపియా మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. 500 మి.గ్రా. పొడి క్యాప్సూల్ రోజుకు రెండు అని రాస్తే అది కనీస మోతాదులో మూడో వంతే. కొనేవాడికి అది చెప్పకపోవడం న్యాయం కాదు.

గర్భిణులు వాడకూడదని, థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవారు, కాలేయ జబ్బున్నవారు డాక్టర్ని అడిగి వాడాలని తప్పకుండా వేయండి. అరుదుగానే అయినా కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో సప్లిమెంట్లలో అశ్వగంధను నిషేధించింది. యూరప్‌కు పంపే ముందు ఒక్కో దేశం నియమం విడిగా చూసుకోవాలి.

అసలు జిన్‌సెంగ్ క్యాప్సూల్సే అమ్మాలని ఉంటే దిగుమతి చేసుకోవడం ఒక్కటే దారి. కొరియా వేరైతే వయసు (ఆరేళ్లది మేలు), తెల్లదా ఎర్రదా అడగండి. ఆవిరి పట్టి ఆరబెట్టింది ఎర్రది, ఆవిరి పట్టకుండా ఆరబెట్టింది తెల్లది. మొత్తం జిన్‌సెనోసైడ్ (జిన్‌సెంగ్‌లో పనిచేసే పదార్థం) శాతం ఒక్కటే చూసి మోసపోకండి, అక్కడా ఆకు సారం కలుపుతారు. కొరియాదైతే ఆర్ఎఫ్ అనే జిన్‌సెనోసైడ్ ఉండాలి, అమెరికా జాతిలో అది ఉండదు, దానికి బదులు సూడోజిన్‌సెనోసైడ్ ఎఫ్11 ఉంటుంది. పురుగుమందుల జాబితాలో క్వింటోజీన్ పేరు విడిగా రాసి పరీక్షించమనండి. జిన్‌సెంగ్ మడుల్లో శిలీంధ్రాలకు వాడిన పాత మందు అది, నేలలో ఏళ్లు ఉండిపోతుంది.

ఇక ఆ నారు ఆయన సంగతి. "పంటంతా నేనే కొంటా" అన్న మాటను ఒప్పందంగా రాసివ్వమనండి. అందులో మొక్క శాస్త్రీయ నామం, ఎండు వేరుకు కిలో ధర, తేమ శాతం, ఏ ల్యాబ్ రిపోర్టు చెల్లుతుంది, సరుకు తిరస్కరిస్తే రవాణా ఖర్చు ఎవరిది, తూకం వేసిన ఎన్ని రోజుల్లో డబ్బు పడుతుంది, ఇవన్నీ ఉండాలి. నారు డబ్బు పంట కొన్న రోజు కోసుకోమని కూడా అడగండి. దానికి ఒప్పుకుంటే మళ్లీ ఇక్కడ రాయండి, ఒప్పందం చూసి చెబుతాను.